రెండు ప్రపంచ యుద్ధాల మీదుగా ఒక అమెరికన్ పదాతి డివిజన్ చరిత్రను రాయడం ఎలా

సైనిక డివిజన్ చరిత్ర రాయడానికి కూర్చున్నవారు సాధారణంగా యుద్ధాల జాబితాతో మొదలుపెడతారు. జాబితా సులభంగా దొరుకుతుంది కాబట్టి ఆ పని తప్పని అనలేము కానీ, అక్కడే ఆగిపోతే చదివేవారికి మిగిలేవి ఊళ్ల పేర్లు, తేదీలు మాత్రమే. నా సలహా వేరు. ప్రతి పుటలోనూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ తేదీన ఈ పేరు కింద ఉన్న మనుషులు ఎవరు? అమెరికా సైన్యపు ఒకటవ డివిజన్‌ను ఉదాహరణగా తీసుకుంటే, 1918 జూలైలో ఫ్రాన్సులోని స్వాసోన్ దగ్గర గోధుమ చేలకు అడ్డంపడి నడిచిన డివిజన్‌కూ 1944 జూన్‌లో నార్మండీలోని ఒమాహా తీరాన దిగిన డివిజన్‌కూ ఉమ్మడిగా ఉన్నవి ఒకటి అనే సంఖ్య (అది ఎర్ర అంకెగా భుజం మీదికి ఎక్కింది 1918 అక్టోబరు చివర్లోనే), మూడు పదాతి రెజిమెంట్ల పేర్లు, కొద్దిమంది అధికారులు మాత్రమే. మిగిలినదంతా మారిపోయింది. ఆ మార్పును పట్టుకోవడం ఎలాగో ఈ డివిజన్ ఆధారంగానే వివరిస్తాను.

ముందు మాటలు సరిచూసుకోవాలి

తెలుగులో రాసేవారికి మొదటి చిక్కు పదాలతోనే వస్తుంది. డివిజన్ అనగానే మన పాఠకుడికి రెవెన్యూ డివిజనో, రైల్వే డివిజనో గుర్తుకొస్తుంది. కంపెనీ అంటే వ్యాపార సంస్థ, ప్రైవేటు అంటే ప్రభుత్వానిది కానిది. సైన్యంలో కంపెనీ అంటే మొదటి యుద్ధకాలంలో సుమారు 250 మంది, రెండవ యుద్ధకాలంలో 193 మంది ఉన్న పదాతి దళం. ప్రైవేట్ అంటే అన్నిటికన్నా కింది హోదాలోని సిపాయి. ఈ నిర్వచనాలను తొలి పుటల్లోనే చెప్పివేయడం మంచిది. ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన పదం క్యాజువాలిటీ. మన ఆసుపత్రుల్లో అది అత్యవసర విభాగం; మన పత్రికల అనువాదాల్లో అది తరచుగా ‘మృతులు’ అయిపోతుంది. సైనిక నివేదికల్లో మాత్రం ఆ లెక్కలో చనిపోయినవారు, గాయపడినవారు, ఆచూకీ లేనివారు, పట్టుబడినవారు అందరూ ఉంటారు. దీనికి ‘నష్టాలు’ అని రాసి, అందులో మృతులెందరో తెలిసినచోట విడిగా చెప్పడమే క్షేమం. ‘మొదటి డివిజన్’ అన్నా పాఠకుడు కాలక్రమంలో మొదటిదనుకుంటాడు కనుక నేను ‘ఒకటవ డివిజన్’ అనే రాస్తున్నాను.

తేదీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికన్ ఉత్తరాల్లో, పత్రికల్లో 11/8/42 అని కనిపిస్తే మనం ఆగస్టు 11 అని చదువుకుంటాం. వారికి అది నవంబరు 8, అంటే ఉత్తర ఆఫ్రికాలో దిగిన రోజు. ఈ ఒక్క పొరపాటు మొత్తం అధ్యాయాన్ని మూడు నెలలు వెనక్కి నెట్టగలదు.

అస్థిపంజరం గీయడం

తర్వాతి పని, డివిజన్ కట్టుబడిని తేదీలవారీగా కాగితం మీద పెట్టుకోవడం. ఒకటవ డివిజన్ 1917 జూన్ 8న రూపుదిద్దుకుంది. అందులో రెండు పదాతి బ్రిగేడ్లు, ఒక్కొక్క బ్రిగేడ్‌లో రెండేసి రెజిమెంట్లు ఉండేవి: ఒకటవ బ్రిగేడ్‌లో 16వ, 18వ రెజిమెంట్లు, రెండవ బ్రిగేడ్‌లో 26వ, 28వ రెజిమెంట్లు. ఫిరంగి దళంలో 5, 6, 7 సంఖ్యల రెజిమెంట్లు. నాలుగు రెజిమెంట్ల ఈ అమరికను ‘చతురస్ర’ డివిజన్ అనేవారు. దాని పూర్తి బలం 28 వేలకు పైగానే. కందకాల యుద్ధంలో ఒక్కచోట పాతుకుపోయి, నష్టాలను తట్టుకుంటూ రోజుల తరబడి నిలబడడానికి అంత పెద్ద యంత్రం కావలసి వచ్చింది.

రెండవ యుద్ధం నాటికి ఆ అవసరం మారింది. వాహనాల మీద వేగంగా కదలడానికి వీలుగా బ్రిగేడ్లను తీసివేసి, మూడు రెజిమెంట్లతో ‘త్రిభుజ’ డివిజన్లను ఏర్పరచారు. బలం 14 వేల పైచిలుకుకు, అంటే సగానికి దిగింది. ఆ మార్పులో ఒకటవ డివిజన్ కోల్పోయినది 28వ రెజిమెంటును. 1918 మే 28న కాంటిన్యీ గ్రామాన్ని పట్టుకుని అమెరికన్ సేనకు మొదటి పెద్ద దాడి విజయాన్ని సంపాదించిపెట్టిన రెజిమెంటు అదే! రెండవ యుద్ధంలో అది ఎనిమిదవ డివిజన్‌లో పోరాడింది. కాబట్టి ‘కాంటిన్యీ వీరులే ఒమాహాలో దిగారు’ అని ఎవరైనా రాస్తే, అది వినసొంపైన వాక్యమే గానీ రెజిమెంట్ల లెక్కకు నిలబడదు. చిత్రమేమిటంటే, ఒక మనిషి విషయంలో మాత్రం అది నిజం. ఆయన దగ్గరకు తర్వాత వస్తాను.

కాబట్టి మీ పట్టికలో రెండు రకాల వరుసలు ఉండాలి. ఒకటి డివిజన్ పేరుది, రెండవది ప్రతి రెజిమెంటుది. రెజిమెంటు ఒక డివిజన్ నుంచి మరొకదానికి వెళ్లినప్పుడు తన జెండానూ గతాన్నీ వెంట తీసుకుపోతుంది. డివిజన్ చరిత్రలో ఆ గతం ఉండవలసిందే, కానీ ఎవరి ఖాతాలో ఎంతవరకు అన్నది తేల్చి రాయాలి.

మొదటి యుద్ధం: ‘మొట్టమొదటి’ అనే మాటతో ఎలా వ్యవహరించాలి

ఒకటవ డివిజన్ ఫ్రాన్సుకు చేరిన తొలి అమెరికన్ డివిజన్ కావడంతో దాని చరిత్ర నిండా ‘మొట్టమొదటి’ ఘనతలే. 1917 జూన్ 26న సెంట్ నజేర్ రేవులో దిగడం, అక్టోబరు 23న 6వ ఫిరంగి రెజిమెంటు తొలి గుండు పేల్చడం, నవంబరు 3 తెల్లవారుజామున బాతెలెమోన్ దగ్గర కందకం మీద జర్మన్లు చేసిన దాడిలో 16వ రెజిమెంటుకు చెందిన గ్రెషమ్, ఎన్‌రైట్, హే అనే ముగ్గురు చనిపోవడం. ఇలాంటి ప్రతి వాక్యానికీ ఒక హద్దు గీయాలి. ఆ ముగ్గురూ నేలమీది పోరులో శత్రువు చేతిలో మరణించిన తొలి అమెరికన్ సేనా సిపాయిలు. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరు 4న, జర్మన్ విమానాలు ఫ్రాన్సులోని ఒక ఆసుపత్రి మీద బాంబులు వేసినప్పుడు అమెరికన్ వైద్య దళంవారు మరణించారు. హద్దు చెప్పకుండా ‘మొదటి మృతులు’ అని రాస్తే ఈ వైద్య దళంవారు చరిత్రలోంచి జారిపోతారు.

ప్రసిద్ధమైన మాటలకూ ఇదే సూత్రం. 1917 జూలై 4న 16వ రెజిమెంటులోని బెటాలియన్ (కొన్ని కంపెనీల దళం) ఒకటి పారిస్ వీధుల్లో కవాతు చేసి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్ సమాధిని చేరినప్పుడు ‘లఫాయెత్, మేము వచ్చాం’ అన్నది ఫ్రాన్సులోని అమెరికన్ సేనాధిపతి జనరల్ పెర్షింగ్ అని చాలాచోట్ల కనిపిస్తుంది. అన్నది ఆయన సిబ్బందిలోని కల్నల్ చార్లెస్ స్టాంటన్. ఆ కవాతు చేసినవారిలో చాలామంది సైన్యంలో కొత్తగా చేరినవారన్నది అంతకన్నా ముఖ్యమైన విషయం. రెజిమెంటు పాతది, సిపాయి కొత్తవాడు. పారిస్ ప్రజలు పూలు చల్లిన ఆ దళానికి కందకాల్లోకి వెళ్లడానికి ఇంకా నెలల శిక్షణ కావలసి వచ్చింది.

యుద్ధ వర్ణనకు పుటలు పంచేటప్పుడు పేరును బట్టి కాకుండా పర్యవసానాన్ని బట్టి పంచాలి. కాంటిన్యీ పేరుమోసింది. ప్రణాళిక వేసినవారిలో ముఖ్యుడు డివిజన్ కార్యకలాపాల అధికారి జార్జ్ మార్షల్, అంటే రెండవ యుద్ధంలో మొత్తం అమెరికన్ సైన్యానికి అధిపతి అయిన ఆయనే. డివిజన్ కమాండర్ రాబర్ట్ బుల్లర్డ్, 28వ రెజిమెంటుకు కల్నల్ హాన్సన్ ఈలీ. గ్రామం తక్కువ సమయంలోనే చేజిక్కింది; నిలబెట్టుకోవడంలోనే నష్టాలు వెయ్యి దాటాయి. కారణం దూరంగా ఉంది. ముందురోజే, మే 27న, జర్మన్లు షెమా దె దామ్ వద్ద భారీ దాడి ప్రారంభించడంతో, కాంటిన్యీకి అండగా ఉన్న ఫ్రెంచి ఫిరంగులు అటు తరలిపోవలసి వచ్చింది. దాడిలో 12 ఫ్రెంచి ట్యాంకులు, మంటలు చిమ్మే ఫ్రెంచి దళం కూడా పాల్గొన్నాయన్నది చెప్పకపోతే ఇదంతా అమెరికన్ల ఒంటరి ఘనతగా కనిపిస్తుంది.

అయితే డివిజన్‌ను లోపలినుంచి మార్చివేసింది కాంటిన్యీ కాదు, జూలై 18 నుంచి 22 వరకు జరిగిన స్వాసోన్ పోరు. అక్కడ చార్ల్స్ సమ్మరాల్ నాయకత్వంలో సుమారు 7 వేల నష్టాలు వచ్చాయి. 26వ రెజిమెంటు కల్నల్ హామిల్టన్ స్మిత్ చనిపోయాడు. బెటాలియన్ నాయకుల్లో ఒకరైన థియొడోర్ రూజ్‌వెల్ట్, మాజీ అధ్యక్షుడి కుమారుడు, కాలికి గాయమై వెనక్కి వెళ్లాడు. చివరకు రెజిమెంటును యుద్ధభూమినుంచి బయటకు నడిపించే బాధ్యత ఒక కెప్టెన్ మీద పడింది. ఆ ఐదు రోజుల తర్వాత సెంట్ మియెల్, ఆర్గాన్ అడవి పోరాటాలకు వెళ్లిన డివిజన్ పదాతి దళంలో అధిక భాగం భర్తీకి వచ్చినవారే. అందువల్ల స్వాసోన్‌కు ఒక అధ్యాయం, సెంట్ మియెల్‌కు ఒక పేరా సరిపోతాయని నా అభిప్రాయం.

సెడాన్ సంఘటనను దాచకూడదు. యుద్ధం ముగియడానికి నాలుగైదు రోజుల ముందు, నవంబరు 6-7 తేదీల్లో, సెడాన్ పట్టణంలోకి ముందుగా ప్రవేశించే గౌరవం అమెరికన్లకు దక్కాలన్న పెర్షింగ్ కోరికను ఉత్సాహంగా అర్థం చేసుకుని, ఒకటవ డివిజన్ రాత్రంతా నడిచి, పక్కనున్న తమ సొంత దళాల మార్గాలకు అడ్డంగా వెళ్లింది. ఆ గందరగోళంలో 42వ డివిజన్‌కు చెందిన బ్రిగేడియర్ జనరల్ డగ్లస్ మెకార్థర్‌ను ఒకటవ డివిజన్ సిపాయిలే శత్రు అధికారి అనుకుని కాసేపు నిలిపివేశారు. ఇలాంటి ఘట్టాన్ని రాసేటప్పుడు ఒక డివిజన్ పత్రాలతో సరిపెట్టుకోకుండా, అడ్డుతగిలించుకున్న డివిజన్ పత్రాలను కూడా పక్కన పెట్టుకోవాలి. ఆ డివిజన్ కోపమంతా అక్కడే ఉంటుంది.

మధ్యనున్న ఇరవై ఏళ్లు

చాలా డివిజన్ చరిత్రలు 1919 నుంచి ఒక్క గంతులో 1942కు వెళ్లిపోతాయి. జర్మనీలో ఆక్రమణ విధులు ముగించి, 1919 సెప్టెంబరులో న్యూయార్క్, వాషింగ్టన్ వీధుల్లో కవాతు చేసిన తర్వాత డివిజన్ క్రమంగా కుదించుకుపోయింది. 16వ రెజిమెంటు న్యూయార్క్ రేవులోని గవర్నర్స్ ఐలండ్‌లో, 26వ రెజిమెంటు ఎక్కడో ఉత్తరాన ప్లాట్స్‌బర్గ్‌లో ఉండగా డివిజన్ అన్నది చాలావరకు కాగితాల మీది వ్యవహారం. ఈ కాలానికి ఎక్కువ పుటలు అక్కరలేదు. ఇక్కడ వెతకవలసింది రెండు యుద్ధాలకూ వంతెనగా నిలిచిన మనుషులను.

వారిలో ఇద్దరు ముఖ్యులు. స్వాసోన్‌లో గాయపడిన రూజ్‌వెల్ట్ 1941లో 26వ రెజిమెంటుకే కల్నల్‌గా తిరిగివచ్చి, తర్వాత డివిజన్ ఉప కమాండర్ అయ్యాడు. రెండవవాడు, ముందు ప్రస్తావించిన మనిషి, క్లారెన్స్ హ్యూబ్నర్. సాధారణ సిపాయిగా సైన్యంలో చేరి, 28వ రెజిమెంటులో కాంటిన్యీలో పోరాడి, 1943 ఆగస్టులో డివిజన్ కమాండర్‌గా వచ్చి, ఒమాహా తీరాన దాన్ని నడిపించినవాడు. ఇలాంటి ఒక జీవితాన్ని దారంగా పట్టుకుంటే మీ రెండు భాగాలు ఒక పుస్తకమవుతాయి.

రెండవ యుద్ధం: అదనంగా చేరినవారినీ లెక్కించాలి

1942 ఆగస్టులో క్వీన్ మేరీ ఓడమీద అట్లాంటిక్ దాటిన డివిజన్, నవంబరు 8న అల్జీరియాలోని ఒరాన్‌కు ఇరువైపులా దిగింది. 16వ, 18వ రెజిమెంట్లు తూర్పున ఆర్జు వద్ద, 26వది పడమట. ట్యునీషియాలో దళాలను ముక్కలు ముక్కలుగా విడదీసి బ్రిటిష్, ఫ్రెంచి అధికారుల కింద పెట్టడంతో కొన్ని నెలలు ‘డివిజన్ పోరాడింది’ అనడానికి వీల్లేని పరిస్థితి. ఇక్కడ రెజిమెంటువారీగానే కథ చెప్పాలి. డివిజన్ మళ్లీ ఒక్కటిగా కనిపించేది 1943 మార్చి 23న, ఎల్ గ్వెట్టార్ వద్ద జర్మన్ల పదవ పాంజర్ (ట్యాంకు) డివిజన్ దాడిని తిప్పికొట్టిన రోజున. ఆ తర్వాత జూలై 10న సిసిలీలోని జేలా, ఆగస్టు మొదటి వారంలో ట్రొయినా.

ట్రొయినా ముగియగానే కమాండర్ టెర్రీ అలెన్‌నూ రూజ్‌వెల్ట్‌నూ కలిపి తప్పించారు. సిపాయిలకు ఇద్దరి మీదా అపారమైన అభిమానం. డివిజన్‌లో క్రమశిక్షణ సడలిందన్నది కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) కమాండర్ ఒమర్ బ్రాడ్లీ వాదన. అలసిన నాయకులను మార్చడం ముందే అనుకున్నదన్నది మరొక వాదన. రచయిత ఒక పక్షం తీసుకోవచ్చు గానీ రెండవ పక్షాన్ని మింగకూడదు. తర్వాతి సంగతులు తీర్పును కొంత సులభం చేస్తాయి: అలెన్‌కు అనంతరం 104వ డివిజన్ అప్పగించారు, రూజ్‌వెల్ట్ నాలుగవ డివిజన్‌తో యూటా తీరాన దిగి అత్యున్నత పతకం పొందాడు. అవమానించి పంపినవారికి సాధారణంగా అలాంటి అవకాశాలు రావు.

1944 జూన్ 6 గురించి రాయడానికి ఎంత ఉందో, తప్పులు దొర్లడానికీ అంతే చోటుంది. ఆనాటి ఉదయం ఒకటవ డివిజన్ ఆజ్ఞల కింద ఒమాహాలో దిగిన రెండు రెజిమెంట్లలో 16వది సొంతదైతే, 116వది 29వ డివిజన్ నుంచి తాత్కాలికంగా చేర్చినది. వారికి తోడుగా తేలే ట్యాంకులతో వచ్చిన 741వ ట్యాంకు బెటాలియన్, సముద్రంలోకి వదిలిన 29 ట్యాంకుల్లో 27 అలల్లో మునిగిపోయిన దళం, డివిజన్ శాశ్వత జాబితాలో ఉండదు. శత్రు విమానాలు కిందికి రాకుండా తీరం మీద అడ్డుబెలూన్లు ఎగురవేసిన 320వ బెటాలియన్ నల్లజాతి సిపాయిలూ ఉండరు. చేర్చిన దళాలను వదిలేస్తే 16వ రెజిమెంటు అంత ఘోరంగా ఎందుకు దెబ్బతిన్నదో వివరించలేరు. ఎందుకంటే అండగా రావలసిన ట్యాంకులు అడుగున ఉన్నాయి. కొండమీది రక్షణలో సాధారణ తీర దళం మాత్రమే ఉంటుందనుకున్నచోట జర్మన్ 352వ డివిజన్ ఉండడం రెండవ కారణం. దీన్ని సరిగా చెప్పాలంటే శత్రువు పత్రాల దాకా వెళ్లాలి.

ఆ రోజు నష్టాలకు ఐదవ కోర్ ఇచ్చిన లెక్క ఒకటవ డివిజన్‌కు 1,190, 29వ డివిజన్‌కు 743. తర్వాతి పరిశోధకులు ఇంతకన్నా ఎక్కువ చూపారు. సంఖ్య రాసినచోటే అది ఎవరిది, ఎప్పటిది, ఏయే వర్గాలను కలుపుకున్నది అని ఒక్క ఉపవాక్యం జోడించండి. మొదటి యుద్ధపు మృతులకూ ఇదే గతి: ప్రచారంలో ఉన్న ఒక లెక్క 4,964 అంటే, వాషింగ్టన్‌లో 1924లో ఆవిష్కరించిన డివిజన్ స్మారక స్తంభం కంచు ఫలకాల మీది పేర్లు ఐదున్నర వేలు. గాయాలతో తర్వాత పోయినవారిని కలిపారా లేదా అన్నదాన్ని బట్టి ఇలాంటి అంకెలు పెరుగుతాయి, తరుగుతాయి. అంకెలు కలవనప్పుడు సగటు తీసి రాయడం మాత్రం ఎన్నటికీ చేయకూడదు.

నార్మండీ తర్వాతి వరుస త్వరగా చెప్పవచ్చు: మోన్స్ వద్ద తిరోగమిస్తున్న జర్మన్లను చుట్టుముట్టడం, అక్టోబరు 21న ఆఖెన్ నగరం లొంగుబాటు, హ్యూర్ట్‌గెన్ అడవి. డిసెంబరులో బ్యూట్‌గెన్‌బాఖ్ దగ్గర 26వ రెజిమెంటు పన్నెండవ ఎస్‌ఎస్ పాంజర్ డివిజన్‌ను అడ్డుకుని నిలబడడానికి మాత్రం చోటు కేటాయించాలి. ఆ దారి తెరుచుకుని ఉంటే ఆ నెల ఆర్డెన్ అడవుల్లో జర్మన్లు చేసిన పెద్ద దాడికి ఉత్తరాన ఉన్న అమెరికన్ రక్షణ విరిగిపోయేది. 1945 మార్చిలో కొన్ని పదాతి దళాల్లోకి నల్లజాతి స్వచ్ఛంద సిపాయిల ప్లటూన్లు (కంపెనీకన్నా చిన్న దళాలు) వచ్చి చేరడాన్ని కూడా వదలవద్దు.

కాగితాలు ఎక్కడ, ఎలా

రెండవ యుద్ధపు దళాల పత్రాలు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్ జాతీయ అభిలేఖాగారంలో 407వ రికార్డు సముదాయంలో ఉన్నాయి. ఒకటవ డివిజన్ పెట్టెలు 301 సంఖ్యతో మొదలవుతాయి. మొదటి యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లిన సేన పత్రాలు 120వ సముదాయంలో. నెల చివర రాసిన నివేదికకన్నా గంటగంటకూ రాసుకున్న కార్యకలాపాల దినచర్యను నమ్మండి, ఎందుకంటే నివేదిక రాసేవాడికి ఫలితం ముందే తెలుసు. వ్యక్తుల సేవా వివరాలు వెతికేవారు సెయింట్ లూయిస్‌లో 1973 జూలై 12న జరిగిన అగ్నిప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి; 1912–1960 మధ్య సైన్యం విడిచినవారి దస్త్రాల్లో దాదాపు 80 శాతం అందులో పోయాయి. అలాంటప్పుడు కంపెనీ రోజువారీ హాజరు నివేదికలే దిక్కు.

చికాగో పరిసరాల్లో ఉంటున్న తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. అరోరా బాలాజీ గుడికి వెళ్లివచ్చే దూరంలోనే, వీటన్‌లో, ఈ డివిజన్ ప్రదర్శనశాల, పరిశోధన కేంద్రం ఉన్నాయి. మొదటి యుద్ధంలో డివిజన్ ఫిరంగి దళంలో పనిచేసిన పత్రికాధిపతి రాబర్ట్ మెకార్మిక్ తన ఎస్టేటుకు ఆ ఫ్రెంచి గ్రామం పేరే పెట్టుకున్నాడు. అక్కడివారు దాన్ని ‘కాంటీనీ’ అంటారు. ఊరి పేర్లు అచ్చులో ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి కాకుండా అక్కడివారు ఎలా పలుకుతారో దాన్ని బట్టి తెలుగులో రాసుకోండి, ఒకే రూపాన్ని చివరిదాకా వాడండి. 1945 పత్రాల్లోని ఎగర్, ఫాల్కెనౌ నేటి చెక్ పటాల్లో హెబ్, సొకొలోవ్‌గా ఉంటాయి కాబట్టి రెండు పేర్లూ ఒకసారి చెప్పాలి.

చివరగా, ఎక్కడ ఆపాలన్నది తేల్చుకోవాలి. 1945 మే 8న చెకొస్లొవాకియాలో ఆపడం సహజంగా కనిపిస్తుంది, కానీ డివిజన్ ఇంటికి రాలేదు. ఆ వేసవిలో, సేవాకాలాన్ని బట్టి ఇచ్చిన మార్కుల ప్రకారం, ఆఫ్రికా నుంచి నడిచివచ్చిన పాతవారు ఒక్కొక్కరే బయలుదేరి వెళ్లిపోతుండగా వారి చోట్లలోకి కొత్త కుర్రవాళ్లు వచ్చారు. న్యూరెంబర్గ్ న్యాయస్థానానికి కాపలా కాసిందీ, 1955లో కాన్సస్‌లోని ఫోర్ట్ రైలీకి చేరిందీ ఆ కొత్తవారి డివిజనే. భుజం మీది ఎర్ర అంకె మాత్రం అదే.